నాలా గట్టు వదిలి అరవై గజాలకు పోవాలా? సంతకం పెట్టేముందు ఏం అడగాలి?

నాలాపక్కబస్తీ
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మలక్‌పేట గంజ్‌కి నడిచిపోయేంత దూరంలో, నాలా గట్టు మీద మా బస్తీ. 64 ఇళ్లు. మా నానమ్మ వాళ్లు కరువుకి నల్లగొండ నుంచి వచ్చి వేసుకున్న గుడిసెలే ఇప్పుడు రేకుల ఇళ్లయ్యాయి. ఊళ్లో మాకు గుంట భూమి లేదు, ఇక్కడి జాగా మాది కాదు. 2020 అక్టోబరు 13 రాత్రి నీళ్లు కిటికీ దాకా వచ్చాయి. పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచాం.

ఇప్పుడు ఇది ఖాళీ చేయమని అధికారులు ఎల్బీ నగర్ అవతల రెండెకరాల సర్కారు భూమి చూపిస్తున్నారు. తుమ్మకంప కొట్టించి చదును చేశారు. ఇంటికి 60 గజాల పట్టా ఇస్తారట, మరుగుదొడ్డి, నీళ్లు “ఏర్పాటు చేస్తాం” అంటున్నారు. పది రోజుల్లో సమ్మతి కాగితం మీద సంతకాలు కావాలట. బీకాం చదివానని బస్తీ సంఘం కాగితాలన్నీ నా చేతికే ఇస్తారు. పెద్దవాళ్లు పోదామా వద్దా నువ్వే చెప్పు అంటున్నారు. రెండు రోజులుగా నిద్ర లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఏం అడగాలి, ఏం రాయించుకోవాలి?

ఐదోఅంతస్తు
ఆదివారం, రాత్రి 10:15

చెల్లీ, నల్లాలో నీళ్లు వచ్చింది నీ కళ్లతో చూసేదాకా గుడిసె విప్పకు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మేం ఎనిమిదేళ్ల కిందట మారాం. ఇల్లు మంచిదే, గోడలు గట్టివి. మొదటి నాలుగు నెలలు మాత్రం నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడే. ఐదో అంతస్తుకి రెండు బిందెలతో మెట్లెక్కి, మా అత్తమ్మ మోకాళ్లు పోయాయి. మరుగుదొడ్డి ఉంది, కానీ అందులో పోయడానికి నీళ్లు లేక మళ్లీ చెట్ల చాటుకే వెళ్లాం. పక్కా ఇంట్లో ఉంటూ అలా చీకట్లో బయటికి పోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో చెప్పలేను. గుడిసెలో ఉన్నప్పుడు కూడా అంత అవమానం అనిపించలేదు.

పాతఇంజినీరు
సోమవారం, ఉదయం 6:20

అమ్మా, నేను మునిసిపల్ పనుల్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే అధికారుల ముందు కూర్చున్నప్పుడు ఆ లెక్కే మీ మాటకు బలం.

ఎకరం అంటే 4,840 గజాలు. రెండెకరాలు 9,680. ఇంటికి 60 చొప్పున 64 ఇళ్లకు 3,840 గజాలు పోతుంది. అంటే భూమిలో నలభై శాతమే ఇళ్లకు. మిగిలింది రోడ్లకు, కాలువలకు, అంగన్‌వాడీకి, పిల్లలు ఆడుకోవడానికి, మురుగు శుద్ధికి సరిపోతుంది. జాగా చాలదని ఎవరైనా అంటే ఈ అంకె చూపించండి. లేఔట్ నక్షా లేకుండా సంతకం పెట్టొద్దు. లోపలి గల్లీ కూడా సెప్టిక్ ట్యాంకు బండి, అంబులెన్సు తిరిగేంత వెడల్పు ఉండాలి.

నీళ్లు. డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు, డ్రైనేజీ లేకపోతే 70, వీధి కుళాయి అయితే 40 అని మా ఇంజినీర్ల మాన్యువల్ చెబుతుంది. మీరు సుమారు 320 మంది అనుకుంటే, 70 చొప్పున రోజుకు 22,400 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు వచ్చినా చాలవు. కాబట్టి “ట్యాంకరు పంపిస్తాం” అనే మాటకు తలూపకండి. పైపులైను ఎక్కడిదాకా ఉంది, అక్కడి నుంచి మీ జాగాకు ఎన్ని మీటర్లు, ఎవరు వేస్తారు, ఎప్పటికి వేస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. నగర నీళ్ల బోర్డు జలమండలి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో జీహెచ్ఎంసీ పరిధికి మొదలైంది. రోజుకు చూస్తే ఐదుగురు ఉన్న ఇంట్లో మనిషికి 133 లీటర్లు, అంటే చక్కగా సరిపోయే నీళ్లు. ఆ సౌకర్యం కొత్త జాగాకు వర్తిస్తుందో లేదో కూడా అడగండి.

ఇల్లు కట్టి ఇవ్వకుండా జాగా, మరుగుదొడ్డి, నల్లా ఇచ్చి ఇంటిని వాళ్లనే మెల్లగా కట్టుకోనివ్వడం కొత్త ఆలోచన కాదు. మద్రాసులో 1977లో ప్రపంచ బ్యాంకు అప్పుతో అరుంబాక్కంలో చేశారు. చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఒక గది, కూతురి పెళ్లయ్యాక పైన ఇంకో గది. పేదవాడి ఇల్లు అలాగే పెరుగుతుంది. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం ఉంది. కానీ అందులో మొదటి ఇటుక మరుగుదొడ్డిదే కావాలి.

పాలమూరుమేస్త్రీ
సోమవారం, మధ్యాహ్నం 1:05

చెల్లె, ఇంజినీరు సార్ లెక్కలు మంచిగ చెప్పిండు. నేను ఒక్క ముచ్చట అడుగుత. ఆ జాగల గడ్డపార దిగుతదా?

హైదరాబాద్ చుట్టూ సగం జాగలు పైన జానెడు మన్ను, కింద పరుపుబండ. కంప కొట్టి బుల్డోజరుతోని చదును చేస్తే పైకి మైదానం లెక్కనే కొడుతది. తవ్వితే తెలుస్తది. నేను ఇట్లనే ఒక కాలనీల పని చేసిన, ఎక్కడని చెప్పను. మరుగుదొడ్లకు గుంతలు మూడు అడుగులు పోంగనే బండ తగిలింది. కాంట్రాక్టరు అక్కడికే ఆపి పైన రింగులు పెట్టిపిచ్చిండు. మొదటి వానకే గుంతలు నిండి నీళ్లు ఇండ్లల్లకు ఎదురుతన్నినయ్. ఆ రింగులు పెట్టినోళ్లల్ల నేను గూడ ఉన్న. ఇయ్యాల్టికీ ఆ కాలనీ దిక్కు పోబుద్ధి గాదు.

గందుకే చెప్తున్న. నాలుగు మూలల, నడుమ ఒకటి, అయిదు గుంతలు తవ్విపియ్యి. నీళ్లు నింపి రాత్రంత నాననీ. పొద్దుగాల మళ్ల నింపి కట్టె పెట్టి గుర్తు వెయ్యి. గంటకు ఎంత గుంజిందో చూడు. గుంజకపోతే ఆడ గుంత దొడ్డి పనికిరాదు.

పట్నంచరిత్ర
సోమవారం, సాయంత్రం 7:30

అసలు ప్రశ్న ఒక మెట్టు వెనక ఉందనుకుంటాను. ఎందుకు కదలాలి? ఉన్నచోటే ఎందుకు బాగుచేయకూడదు?

1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది పోయాక, 1912లో నిజాం ప్రభుత్వం నగర అభివృద్ధి మండలి పెట్టింది. ఇరుకు బస్తీలు తీసేసి ఇళ్లు కట్టడం ఈ ఊళ్లో అప్పుడే మొదలైంది. తర్వాత 1967లో ఇక్కడి మునిసిపాలిటీ మొదలుపెట్టిన యూసీడీ, అంటే పట్టణ సామాజికాభివృద్ధి పథకం, దేశమంతా చెప్పుకున్న పని. బస్తీవాళ్లతో కూర్చుని మాట్లాడి, ఉన్నచోటే రోడ్డు, మోరీ, నల్లా వేశారు. 1980ల్లో బ్రిటన్ సాయం కూడా తోడైంది. ఈరోజు మనం కాలనీలు అనుకుంటున్నవాటిలో ఎన్నో ఒకప్పుడు అలా బాగుపడ్డ బస్తీలే.

దగ్గరి ఉదాహరణ బోయిగూడ ఐడీహెచ్ కాలనీ. పాత ఇళ్లు తీసి అక్కడే 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు, 2015లో ఇచ్చారు. పనులు, బడులు, ఆస్పత్రి ఎక్కడివక్కడే. మరోవైపు కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు, 2023లో ప్రారంభం. కట్టడం గొప్పదే, కానీ నగరం నడిబొడ్డున చాయ్ బండి పెట్టుకునే మనిషికి అది వేరే ఊరు. ఒడిశాలో 2017లో చట్టమే చేసి బస్తీవాళ్లకు ఉన్నచోటే భూమి హక్కు ఇచ్చారు. ముందు ఆ దారి అడగండి.

నాలాపక్కబస్తీ
సోమవారం, రాత్రి 10:50

అన్నా, ఉన్నచోటే అనేది మాకు కూడా ఆశే. కానీ మా ఇళ్లలో సగం గోడలు నాలా గోడమీదే నిలబడ్డాయి. రెండేళ్ల కింద ఒక ఇంటి వెనక గోడ రాత్రికి రాత్రి జారిపోయింది. లోపల పడుకున్న పాప బతికింది. వానాకాలం మొదలైందంటే మా అమ్మ పడుకోదు, గుమ్మంలో కూర్చునే ఉంటుంది. ఉండిపోదాం అని నేను ఎలా చెప్పను?

ఇంకో సంగతి. కొత్త జాగా ఇక్కడికి 11 కిలోమీటర్లు. మా బస్తీలో మగవాళ్లు ఎక్కువగా గంజ్‌లో హమాలీలు, ఉల్లిగడ్డ లోడు తెల్లవారుజామునే దిగుతుంది. ఆడవాళ్లు దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇళ్లల్లో పనికి పోతారు. మా అమ్మ నాలుగు ఇళ్లు చేస్తుంది, మొదటి ఇంటికి ఆరున్నరకల్లా ఉండాలి.

ఐదోఅంతస్తు
సోమవారం, రాత్రి 11:20

బస్సు గురించి నేను చెప్తా. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు, అది మాకు పెద్ద ఊరట. అంతకుముందు సంపాదనలో ఎంతో చార్జీలకే పోయేది. కానీ టికెట్ లేకపోవడం వేరు, బస్సు ఉండడం వేరు. మొదటి బస్సు ఎన్నింటికో, స్టాపు కాలనీ నుంచి ఎంత నడకో చూసుకో. మేం మారినప్పుడు మా ఆయన తోపుడుబండి పెట్టుకోవడానికి చోటు లేక అమ్మేశాడు. ఇప్పుడు వాచ్‌మన్ పని. బండి మీద ఆయనే యజమాని.

మీకు నేల మీద జాగా ఇస్తున్నారు. ఆ ఒక్కటీ మాకంటే మేలు. బండి పెట్టుకోవచ్చు, మేకను కట్టుకోవచ్చు, గుమ్మంలో కూరగాయలు అమ్ముకోవచ్చు. నేల వదలకు.

సైదాబాద్‌వకీలు
మంగళవారం, ఉదయం 8:10

చట్టం వైపు నుంచి.

భూమి మొదట. సర్వే నంబరు అడిగి రెవెన్యూ రికార్డు తీయించండి. అది శిఖం భూమి, అంటే చెరువు లోపలి భూమి కాదని రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఎండిపోయిన కుంటను మైదానమని చూపించడం ఈ ఊళ్లో కొత్త కాదు. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లకు పైనున్న చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు (ఎఫ్‌టీఎల్) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏమీ కట్టకుండా వదలాలి. పది మీటర్లకంటే వెడల్పయిన నాలాకు 9 మీటర్లు, అంతకంటే సన్నదానికి 2 మీటర్లు. ఒక నాలా బఫర్ నుంచి లేపి ఇంకో కుంట బఫర్‌లో పెడితే, పదేళ్ల తర్వాత మీ పిల్లల గోడల మీద మళ్లీ కూల్చే ఇళ్లకు వేసే ఎర్ర రంగు గుర్తులు పడతాయి. 2024లో మూసీ పక్క ఇళ్ల మీద ఆ గుర్తులు వేసినప్పుడు ఆ గల్లీల్లో తిరిగాను. ఆడవాళ్లు తడిగుడ్డతో తుడవడానికి ప్రయత్నించడం చూశాను.

పట్టా. సర్కారు ఇచ్చే ఇంటిపట్టా సాధారణంగా అసైన్డ్ (సర్కారు పేదలకు షరతులతో ఇచ్చే భూమి) కిందికి వస్తుంది. 1977 చట్టం ప్రకారం అమ్మకూడదు, తాకట్టు పెట్టడానికీ షరతులుంటాయి. ఎవరైనా వచ్చి నోటరీ కాగితం మీద కొంటానంటే లొంగొద్దని బస్తీలో ఇప్పుడే చెప్పండి. పట్టా ఇంటి ఆడమనిషి పేరున అడగండి. అక్కడ ఉంటున్నారని మాత్రమే చెప్పే పొజిషన్ సర్టిఫికెట్ ఇస్తే ఒప్పుకోవద్దు.

మీ హక్కు. 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని చెప్పింది. ఆ కేసులో తొలగింపును పూర్తిగా ఆపలేదు, అది కూడా తెలుసుకోవాలి. కానీ వానాకాలం పోయేదాకా తొలగించవద్దంది. నోటీసు ఇవ్వాలి, మీ మాట వినాలి.

సమ్మతి కాగితంలో “ఏర్పాటు చేస్తాం” అనే మాట కొట్టించి “నీరు, మరుగుదొడ్డి, కరెంటు పని చేస్తున్నట్టు బస్తీ సంఘం చూసి సంతకం చేసిన తర్వాతే ఖాళీ చేస్తారు” అని రాయించండి. ఈ వరుస ఒక్కటే మీ చేతిలో ఉన్న తాళం.

అద్దెఇల్లు
మంగళవారం, మధ్యాహ్నం 2:40

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. నేను ఇరవై రెండేళ్లుగా అద్దెకు ఉంటున్నాను. ప్రైవేటు కంపెనీలో గుమాస్తాని. నాకూ భూమి లేదు. అద్దె కట్టలేక మూడుసార్లు ఇల్లు మారాం. సర్కారు భూమిలో ఉన్నవాళ్లకు పట్టా, నెలనెలా అద్దె కట్టేవాడికి ఏమీ లేదు. ఇది న్యాయమేనా అని నిజంగా అడుగుతున్నాను, కోపంతో కాదు.

నాలాపక్కబస్తీ
మంగళవారం, రాత్రి 9:15

అన్నా, మీ బాధ అర్థమైంది. మా నానమ్మ మీకు జవాబు చెప్పమంది, ఆమె మాట రాస్తున్నాను. “మేం మొదట అద్దెకే పోయినం బిడ్డా. మాకెవ్వరూ ఇయ్యలే. కులం అడిగిన్రు, ఎంతమంది పిల్లలని అడిగిన్రు, చేతిల ముందుగ కట్టే పైసల్లేవు. నాలా పక్క జాగ ఎవ్వరికీ అక్కర్లేదు గాబట్టి మాకు దొరికింది.” మీకు కూడా ఇల్లు రావాలి అన్నా. మీది తీసి మాకు ఇమ్మని మేం అడగడం లేదు.

అద్దెఇల్లు
మంగళవారం, రాత్రి 9:50

మీ నానమ్మ గారికి నా నమస్కారం చెప్పండి. అద్దెకున్న తక్కువ జీతగాళ్ల సంగతి వేరే చర్చగా పెడతాను. మీ పని ముందు కానివ్వండి.

ఆశావర్కర్
బుధవారం, మధ్యాహ్నం 3:30

నేను రెండు బస్తీల్లో పన్నెండేళ్లుగా ఆశాగా చేస్తున్నా. ఇంతమంది మాట్లాడారు, ఆడపిల్లల సంగతి ఎవరూ తీయలేదు.

డబ్బు తక్కువని సామూహిక మరుగుదొడ్లు కట్టిస్తామంటారు. వద్దు. నా బస్తీలో అలాంటిది ఉంది. ఆడవాళ్ల వైపు బల్బు పోతే వారం దాకా ఎవరూ వేయరు. రాత్రి ఎనిమిది దాటితే పిల్లలు పోరు. అందుకని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట అని నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్ని అడిగితే అందరూ చెప్పేది అదే. నెలసరి రోజుల్లో బడి మానేస్తారు. నెలలు నిండిన ఆమె రాత్రి లేచి వంద అడుగులు నడవాలి. ఎవరిది వాళ్లకు, ఇంటి గోడకు ఆనుకుని ఉండాలి. లోపల గడియ, పైన బల్బు, పక్కన స్నానానికి తడిక కాదు, గోడ ఉండాలి.

ఇంకోటి. దొడ్డి కట్టగానే రోగాలు ఆగవు. నల్లా పైపు మోరీలో నుంచి వేస్తే పగిలిన చోట మురికి లోపలికి గుంజుకుంటుంది. వానాకాలంలో వాంతులు, విరేచనాలు మొదట ఆ గల్లీలోనే వస్తాయి. నీళ్ల పైపు ఒక పక్క, మురుగు పైపు ఇంకో పక్క వేయించండి. చేతులు కడుక్కోవడానికి దొడ్డి పక్కనే నల్లా పెట్టించండి. మారే ముందు మీ దగ్గరి అంగన్‌వాడీలో పిల్లల టీకా కార్డులు, గర్భిణుల పుస్తకాలు అన్నీ చేతికి తీసుకోండి. కొత్త చోట పేర్లు ఎక్కేదాకా పాలు, గుడ్లు ఆగిపోతాయి. అది ఎవరి లెక్కలోనూ కనపడదు, పిల్లల బరువులో మాత్రం నాకు కనపడుతుంది.

పాతఇంజినీరు
బుధవారం, సాయంత్రం 6:00

ఆశా అమ్మ చెప్పిన పైపుల సంగతి బంగారం లాంటి మాట. నేను మొదటి రోజు రాయాల్సింది, మర్చిపోయాను.

మరుగుదొడ్డి రకం గురించి. నేల నీళ్లు గుంజితే రెండు గుంతల దొడ్డి చాలా మంచిది. ఒక్కోటి మీటరు వెడల్పు, మీటరుకు కాస్త ఎక్కువ లోతు. ఒకటి నిండడానికి సుమారు మూడేళ్లు. తర్వాత రెండో దానికి మళ్లిస్తారు. మొదటిది రెండేళ్లు మూసి ఉంచితే లోపలిది పొడి ఎరువవుతుంది, వాసన ఉండదు. ఏటవాలు బేసిన్ పెడితే రెండు లీటర్ల నీళ్లతో పోతుంది. మామూలు ఫ్లష్‌కు పది లీటర్లు కావాలి. నీళ్లు కరువైన చోట ఈ తేడా ఎంతో.

బండ ఉంటే మాత్రం మేస్త్రీ మాటే నిజం. అక్కడ గుంతలు వద్దు. బండ నెర్రెల్లోంచి మురుగు పోయి బోర్లలో కలుస్తుంది. ఇంటింటి నుంచి పైపు వేసి, పల్లంలో అందరికీ ఒక సెప్టిక్ ట్యాంకు, దాని తర్వాత కంకర నింపి రెల్లు నాటిన మడి. అప్పుడే నీళ్లు కాలువలోకి వదలాలి.

పాలమూరుమేస్త్రీ
బుధవారం, రాత్రి 8:45

సార్, అందరికీ ఒకటే ట్యాంకు అంటే ఎవ్వరిదీ కాదయితది. మూడేండ్లకు నిండుతది, తీపియ్యనీకి పైసలు ఎవరియ్యాలె? ఇంటికి ఇంత అని వసూలు చేసెతందుకు ఒగలు గావాలె. లేకుంటె పొంగుతది, అప్పుడు ఎవడో ఒగ పేదోన్ని లోపలికి దింపుతరు. చట్టం 2013లనే వద్దన్నది. దింపుడు ఆగలే.

నాది ఒకటే మాట. మన్నున్న దిక్కు ఇండ్లకు గుంతలు, బండ దిక్కు ఇండ్లకే పైపు. ఇంటి పైపుకు వాటం నలభై అడుగులకు ఒక అడుగు తగ్గొద్దు. కొందరికి ఒక తీరు, కొందరికి ఒక తీరు అని గులుగుతరు. గులగనీ.

పాతఇంజినీరు
బుధవారం, రాత్రి 9:30

ఒప్పుకుంటున్నాను. ట్యాంకు చిన్నదైతే కనిపెట్టుకోవడం సులువు. బండి తెప్పించే ఖర్చు మొదటి ఐదేళ్లు మునిసిపాలిటీయే భరించాలని కాగితంలో పెట్టించండి. తర్వాతి వసూలుకు సంఘంలో ఇప్పుడే మనిషిని అనుకోండి.

పట్నంచరిత్ర
గురువారం, ఉదయం 7:15

నా మొదటి మాటను కొంత మార్చుకుంటున్నాను. గోడ జారిన సంగతి చదివాక ఉండమని చెప్పలేను. కానీ 11 కిలోమీటర్లు ఎందుకు? మీకు నాలుగైదు కిలోమీటర్లలో సర్కారు జాగా ఉందేమో లిఖితంగా అడగండి, సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి. జవాబు రావడానికి నెల రోజులు పట్టొచ్చు. ఆ నెల అడిగే హక్కు మీకుంది.

నాలాపక్కబస్తీ
శనివారం, రాత్రి 10:30

ఆలస్యానికి క్షమించండి. నిన్న, ఈరోజు ఆ జాగాకు వెళ్లొచ్చాం. బస్తీ నుంచి ఇరవైమంది, ఎక్కువ ఆడవాళ్లే. మేస్త్రీ అన్న తన పని మానుకుని గడ్డపార, పార పట్టుకుని వచ్చాడు. రానుపోను చార్జీ కూడా తీసుకోలేదు.

ఐదు గుంతలు తవ్వాం. తూర్పు వైపు రెండింట్లో ఎర్రమన్ను, నడుములోతు దాకా దిగింది. నిన్న సాయంత్రం నింపి, ఈ పొద్దున మళ్లీ నింపాం, గంటలో జానెడు గుంజింది. నడిమి దాంట్లో మోకాలి లోతుకు మొరం తగిలింది, నీళ్లు మెల్లగా దిగాయి. పడమర వైపు రెండూ బండే. ఆ గుంతల్లో నిన్న పోసిన నీళ్లు పొద్దున చూస్తే అలాగే ఉన్నాయి, ఒక దాంట్లో కప్ప ఈదుతోంది.

దక్షిణం మూల పల్లంలో మా నానమ్మ ఒక రాతి కట్టడం చూపించింది. “ఇది అలుగు,” అంది, అంటే కుంట నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు. మేమెవరం గుర్తుపట్టలేదు. పక్క ఊరి ముసలాయన్ని అడిగితే అవును, చిన్నప్పుడు అక్కడ కుంట ఉండేది, బర్రెల్ని కడిగేవాళ్లం అన్నాడు. వకీలు అన్నయ్య చెప్పకపోతే ఆ మూల మేం పట్టించుకునేవాళ్లమే కాదు. ఇంజినీరు సార్, రెండెకరాల్లో ఆ కింది అర ఎకరం వదిలేస్తే 7,260 గజాలు మిగులుతుంది. 3,840 ఇళ్లకు పోయినా సరిపోతుంది కదా?

మొదటి బస్సు 5:50కి. స్టాపుకి పద్దెనిమిది నిమిషాల నడక, అమ్మతో నడిపించి చూశాను. మొదటి ఇంటికి ఆమె ఏడున్నరకు గానీ చేరదు. ఆ ఇంటి మేడమ్‌ని అడిగితే ఏడున్నరకు వచ్చినా ఫర్వాలేదన్నారు. గంజ్‌కి మాత్రం ఆ బస్సుతో కుదరదు. హమాలీలు నాన్న వాళ్లు కలిసి ఒక ఆటో ట్రాలీ మాట్లాడుకుంటామంటున్నారు, ఎంతవుతుందో ఇంకా తేలలేదు.

రాత్రి బస్తీలో కూర్చున్నాం. 64 ఇళ్లలో 41 ఇళ్లు పోదామన్నాయి, 14 వద్దన్నాయి, మిగతా వాళ్లు నీళ్లు చూశాక చెబుతామన్నారు. వద్దన్నవాళ్లను బలవంతం చేయొద్దని అనుకున్నాం. సంతకం ఇప్పుడు పెట్టడం లేదు. నాలుగు కిలోమీటర్ల లోపు జాగా గురించి దరఖాస్తు సోమవారం వేస్తున్నాం. దానితోపాటే ఉత్తరం ఇస్తున్నాం: కుంట మూల వదిలి కొత్త నక్షా, ఇంటింటికీ దొడ్డి, తూర్పున గుంతలు, పడమరన పైపు, నల్లా, పట్టా ఆడవాళ్ల పేరున, అన్నీ అయ్యాక సంఘం చూసి ఖాళీ చేయడం. వకీలు అన్నయ్య మాటలు అలాగే రాశాను.

పాతఇంజినీరు
శనివారం, రాత్రి 11:10

సరిపోతుంది తల్లీ. ఆ కుంట మూలలో ఇల్లు వద్దు గానీ మట్టి పూడ్చనివ్వకండి. వాన నీళ్లకు అది కావాలి. నక్షాకు కొలతలు ఎవరు తీస్తున్నారు?

పాలమూరుమేస్త్రీ
శనివారం, రాత్రి 11:25

మంగళారం నాకు పని లేదు. వంద అడుగుల టేపు, నీళ్ల ట్యూబు తెస్త. సున్నం ఒక బస్తా మీరు పట్టుకురాన్రి, గీతలు కొట్టెతందుకు.

నాలాపక్కబస్తీ
శనివారం, రాత్రి 11:40

తెస్తాం అన్నా. నానమ్మ కూడా వస్తానంటోంది, అలుగు దగ్గర హద్దు తనే చూపిస్తుందట. ఆరింటి బస్సుకి బయల్దేరుతున్నాం.